తోలు నుంచి ఎరువుకు: చర్మపరిశ్రమ వ్యర్థాల చరిత్రలో కొలమానాల పాత్ర

వ్యాససంగ్రహం

తోలును పదును చేయడమంటే అది కుళ్ళకుండా చూడడం. ఎరువు కావాలంటే అదే తోలు నేలలో కుళ్ళాలి. చర్మపరిశ్రమ వ్యర్థాలను పంటలకు ఎరువుగా మార్చే ప్రయత్నాలన్నీ ఈ వైరుధ్యం చుట్టూనే సాగాయి. 19వ శతాబ్దపు అమెరికాలో పొడిచేసిన తోలు అమ్మకం, మద్రాసు రాజధానిలో క్రోమ్ పదును ప్రవేశం, ఇటలీలోని అర్జిగ్నానోలో ఎరువుల తయారీ, పాలారు లోయలోనూ కాన్పూరు జాజ్‌మౌలోనూ సాగుభూములకు చేరిన కాలుష్యం అనే నాలుగు ఘట్టాల ద్వారా ఈ చరిత్రను వ్యాసం పరిశీలిస్తుంది. తోలు ఎరువు రైతుకు మేలు చేసిందా, కీడు చేసిందా అన్నది తయారీ పద్ధతి మీద ఎంత ఆధారపడిందో, ఏ గుణాన్ని కొలిచారన్న దాని మీద కూడా అంతే ఆధారపడిందని నిరూపించడం వ్యాసోద్దేశం.

కీలకపదాలు: చర్మశుద్ధి, తంగేడు, నత్రజని, క్రోమియం, జలవిశ్లేషణ, పాలారు, జాజ్‌మౌ.

1. ప్రవేశిక

టన్ను పచ్చితోలు నుంచి చివరకు తయారయ్యే తోలు సుమారు 200 కిలోలు మాత్రమే. మిగిలినది కండ గీరిన ముక్కలుగా, వెంట్రుకలుగా, అంచుల కత్తిరింపులుగా, మందం సరిచేసేటప్పుడు రాలే పొట్టుగా, నీటిలో కలిసిన మాంసకృత్తులుగా, శుద్ధి కేంద్రాల బురదగా మారుతుంది. తోలులోని ప్రధాన పదార్థమైన కొల్లాజెన్‌లో నత్రజని దాదాపు 18 శాతం. సాధారణ మాంసకృత్తుల్లో ఇది సుమారు 16 శాతం. లెక్క ప్రకారం చూస్తే, చర్మపరిశ్రమ పారవేసే ప్రతి బండెడు వ్యర్థమూ నత్రజని నిధి.

అయితే నత్రజని ఉండడం వేరు, మొక్కకు అందడం వేరు. నేలలోని సూక్ష్మజీవులు మాంసకృత్తులను విడగొట్టి అమ్మోనియం, నైట్రేటు రూపాల్లోకి మార్చినప్పుడే ఆ నత్రజని చాలావరకు వేరుకు చేరుతుంది. పదును చేసే విద్య మొత్తం ఆ సూక్ష్మజీవులను అడ్డుకోవడానికి పుట్టినదే. అందువల్ల తోలు వ్యర్థాన్ని ఎరువుగా మార్చిన ప్రతి పద్ధతీ, అంటే వేయించడం, ఆవిరి పట్టడం, ఆమ్లంతో కరిగించడం, ఎంజైములతో విడదీయడం, పదునును వెనక్కు తిప్పే ప్రయత్నమే.

2. లంద నుంచి వచ్చిన వ్యర్థం

తెలుగు ప్రాంతాల్లో తోళ్ళ పని తరతరాలుగా మాదిగల చేతుల్లో సాగింది. పచ్చితోలును సున్నపునీటిలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, కండ గీరి, లందలో తంగేడు చెక్క రసంతోనో కరక్కాయతోనో మాగబెట్టేవారు. తంగేడు చెక్కలో టానిన్ సమృద్ధిగా ఉంటుంది. టానిన్ కొల్లాజెన్ పోగులతో బంధం ఏర్పరచుకుని, సూక్ష్మజీవుల ఎంజైములకు లొంగకుండా చేస్తుంది. ఈ విద్యను పెద్ద ఎత్తున అనుసరించిన మద్రాసు రాజధాని కార్ఖానాలు 19వ శతాబ్దంలో ‘ఈస్టిండియా’ తోళ్ళ పేరుతో ఇంగ్లండుకు ఎగుమతి చేశాయి. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో సైనికుల బూట్ల పైభాగానికి ఈ తోళ్ళకు ఎంతో గిరాకీ ఏర్పడింది.

ఎరువు దృష్టితో చూస్తే, లంద పద్ధతిలో వ్యర్థాలు రెండు తెగలు. పదునుకు ముందు వచ్చేవి వెంట్రుకలు, కండముక్కలు, సున్నం. పదును తరువాత వచ్చేవి చెక్క పిప్పి, తోలు ముక్కలు. మొదటి తెగలోని కండముక్కలు త్వరగా కుళ్ళుతాయి, వెంట్రుకలు ఆలస్యంగానైనా కుళ్ళుతాయి. రెండో తెగలోని తోలు ముక్క ఏళ్ళతరబడి నిలుస్తుంది. అయినా ఈ వ్యర్థాలలో నేలను శాశ్వతంగా మార్చే లోహం లేదు. తోలు ముక్క కుళ్ళకపోతే పంటకు లాభం ఉండదంతే. ఈ తేడా తరువాతి చరిత్రను అర్థం చేసుకోవడానికి అవసరం.

3. బస్తాలోని నత్రజని, నేలలోని నత్రజని

1840లో లీబిగ్ వ్యవసాయ రసాయనశాస్త్ర గ్రంథం వెలువడింది. 1842లో లాస్ ఇంగ్లండులో సూపర్‌ఫాస్ఫేటుకు పేటెంటు పొందాడు. అదే దశకంలో పెరూ గ్వానో పెద్దయెత్తున యూరపుకు చేరసాగింది. పశువుల పెంట మీద, ఆకుచెత్త మీద ఆధారపడిన రైతు ఈ మార్పులతో బస్తాలో వచ్చే ఎరువును కొనవలసిన స్థితికి వచ్చాడు. బస్తాలో ఏమున్నదో కంటితో చూసి చెప్పడం అసాధ్యం. రంగు, వాసన, అమ్మేవాడి మాట మాత్రమే ఆధారాలు. కల్తీకి ఇది అనువైన కాలం.

అమెరికాలో శామ్యూల్ డబ్ల్యు. జాన్సన్ 1857 నుంచి కనెక్టికట్ రాష్ట్ర వ్యవసాయ సంఘానికి రసాయనశాస్త్రజ్ఞుడుగా వాణిజ్య ఎరువులను విశ్లేషించి, ఫలితాలను బహిరంగంగా ప్రకటించాడు. ఆ ఉద్యమ ఫలితంగానే 1875లో ఆ దేశపు తొలి రాష్ట్ర వ్యవసాయ ప్రయోగకేంద్రం కనెక్టికట్‌లో ఏర్పడింది. 1883లో డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు కెల్డాల్ కనిపెట్టిన పద్ధతితో సేంద్రియ పదార్థాల్లోని మొత్తం నత్రజనిని తేలికగా, చౌకగా లెక్కించడం సాధ్యమైంది. ఎరువుల తనిఖీకి అది మూలస్తంభంగా మారింది.

ఆ పద్ధతి బలంలోనే దాని బలహీనత కూడా ఉంది. అది నమూనాను గాఢ గంధకామ్లంలో మరిగించి, అందులోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి లెక్కిస్తుంది. ఎండబెట్టిన రక్తంలోని నత్రజని, చెప్పుల కార్ఖానాలోని తోలు ముక్కల నత్రజని ఆ లెక్కలో సమానం. పొలంలో రక్తం కొద్ది వారాల్లో పంటకు అందుతుంది. చెక్క పదును చేసిన తోలు ఆ పంటకాలంలో దాదాపు ఏమీ ఇవ్వదు. చౌకగా దొరికే తోలును వేయించి, పెళుసుగా మార్చి, పొడిచేసి మిశ్రమ ఎరువుల్లో కలిపితే విశ్లేషణ పత్రంలో నత్రజని శాతం తగ్గదు. రైతు చెల్లించిన ధరకు తగిన ఫలం మాత్రం పొలంలో కనిపించదు.

ఈ మోసాన్ని అరికట్టడానికి అమెరికా రాష్ట్రాలు రెండు మార్గాలు పట్టాయి. మొదటిది చట్టం: పచ్చిదైనా, ఆవిరి పట్టినదైనా, వేయించినదైనా తోలుపొడి కలిసిన ఎరువును ఆ సంగతి స్పష్టంగా ప్రకటించకుండా అమ్మరాదని అనేక రాష్ట్రాల శాసనాలు నిర్దేశించాయి. రెండోది కొత్త కొలమానం: పెప్సిన్‌తో జీర్ణింపజేయడం, పర్మాంగనేటుతో పరీక్షించడం, కుండీల్లో మొక్కలు పెంచి చూడడం వంటి పద్ధతులతో ‘అందే నత్రజని’ని ‘మొత్తం నత్రజని’ నుంచి వేరుచేశారు. క్షార పర్మాంగనేటు సూత్రం మీదనే 1956లో సుబ్బయ్య, అసీజా రూపొందించిన నేల పరీక్ష నేటికీ భారతీయ భూసార పరీక్షాకేంద్రాల్లో వాడుకలో ఉంది.

ఈ పరీక్షలే తోలుకు మరో దారి చూపాయి. గంధకామ్లంతో, ఆవిరితో తోలును కరిగించినప్పుడు టానిన్ బంధం సడలి, కొల్లాజెన్ గొలుసులు తెగి, నత్రజని చాలావరకు అందుబాటులోకి వస్తుందని కుండీ ప్రయోగాల్లో తేలింది. ఎముకలను ఆమ్లంతో కరిగించి ఫాస్ఫేటు తీసిన విద్యే తోలుకూ వర్తించింది. తోలు, వెంట్రుకలు, బొచ్చు కలిపి ఆమ్లంలో పండించిన పదార్థం మిశ్రమ ఎరువులకు నిజాయితీ గల మూలసరుకయింది. అయితే 1913లో జర్మనీలోని ఒప్పౌలో హేబర్-బాష్ పద్ధతిలో అమ్మోనియా ఉత్పత్తి మొదలైన తరువాత గాలి నుంచి తీసిన నత్రజని క్రమంగా మార్కెట్టును ఆక్రమించింది. తోలు నత్రజని విలువ పడిపోయింది.

4. క్రోమ్ పదును, కపిలబాన

ఈలోగా చర్మశుద్ధి విద్యే మారిపోయింది. 1884లో అగస్టస్ షుల్జ్ రెండు తొట్ల క్రోమ్ పద్ధతికి, 1893లో మార్టిన్ డెన్నిస్ ఒకే తొట్టి పద్ధతికి అమెరికాలో పేటెంట్లు పొందారు. వారాలు, నెలలు పట్టే పదును ఒకటి రెండు రోజుల్లో ముగిసే స్థితి వచ్చింది. క్రోమియం లవణాలు కొల్లాజెన్‌తో ఏర్పరచే బంధం వేడికీ, నీటికీ చెక్క పదును కన్నా ఎక్కువగా తట్టుకుంటుంది.

భారతదేశంలో క్రోమ్ పదునును ప్రోత్సహించినవారిలో ముఖ్యుడు మద్రాసు కళాపాఠశాల అధ్యక్షుడు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అతడు ఈ ప్రయోగాలకు పూనుకోవడానికి ఒక కారణం వ్యవసాయమే. బావుల నుంచి ఎడ్లతో నీరు తోడే తోలుబాన నిరంతరం తడిసి ఆరుతూ త్వరగా పాడైపోయేది. రాయలసీమ రైతు కపిలబాన, తెలంగాణ రైతు మోటబొక్కెన ఇదే కోవకు చెందినవి. నీటిలో నానినా కుళ్ళని క్రోమ్ తోలుతో బానలు చేస్తే రైతుకు ఖర్చు తగ్గుతుందన్నది చాటర్టన్ ఆలోచన. ప్రభుత్వమే పరిశ్రమలు నడపడాన్ని 1910లో భారత వ్యవహారాల మంత్రి లార్డ్ మార్లీ వ్యతిరేకించడంతో మద్రాసు ప్రభుత్వం తన క్రోమ్ కార్ఖానా నుంచి తప్పుకుంది. విద్య మాత్రం ప్రైవేటు చేతుల్లో వ్యాపించింది.

క్రోమ్ తోలు దక్షిణభారత పొలానికి మొదట నీటిబానగా వచ్చింది. నీటిలోనూ మట్టిలోనూ చెడిపోకపోవడమే అప్పుడు దాని ఘనత. తరువాతి కాలంలో క్రోమ్ తోలుపొట్టును ఎరువుగా మార్చాలనుకున్నవారికి ఎదురైన అవరోధం కూడా అదే. టానిన్ నేలలో ఎప్పటికైనా విచ్ఛిన్నమవుతుంది. క్రోమియం మూలకం గనుక విచ్ఛిన్నం కాదు. కొల్లాజెన్ కరిగి నత్రజనిగా మారినా, దానిని పట్టి ఉంచిన క్రోమియం నేలలోనే మిగులుతుంది.

5. అర్జిగ్నానో: ఆలస్యమే గుణమైన వేళ

ఈ విద్య పరిశ్రమస్థాయిలో స్థిరపడిన ప్రాంతాల్లో ప్రధానమైనది ఇటలీలోని వెనెతో ప్రాంతం. విచెంజా జిల్లా అర్జిగ్నానో, కియాంపో పట్టణాల్లో తోళ్ళ కర్మాగారాలు గుంపుగా వెలిశాయి. వాటి వ్యర్థాలే ముడిసరుకుగా 1956లో ఇల్సా, 1960లో సిసిట్ సంస్థలు ఏర్పడ్డాయి. పీడనంతో కూడిన ఆవిరి, వేడి, ఎంజైముల సాయంతో జలవిశ్లేషణ జరిపి, తోలును ఘనరూప సేంద్రియ ఎరువుగానూ, అమైనో ఆమ్లాలు, చిన్న పెప్టైడ్లు గల ద్రవరూప పోషకంగానూ ఇవి మార్చాయి. తోలును వేయించి చేసే పాత ఎరువుకు కూడా ఇటలీ ఎరువుల చట్టంలో ప్రత్యేకమైన పేరూ, స్థానమూ దక్కాయి.

ఇక్కడ విలువల తారుమారు ఒకటి గమనించదగినది. 19వ శతాబ్దపు తనిఖీదారుకు తోలు నత్రజని ఆలస్యంగా అందడం మోసానికి గుర్తు. 20వ శతాబ్దపు ద్వితీయార్ధంలో, యూరియా, అమ్మోనియం నైట్రేటు వానకు కొట్టుకుపోయి భూగర్భజలాలను చెరుస్తున్నాయన్న ఎరుక పెరిగిన తరువాత, అదే ఆలస్యం మెచ్చదగిన గుణంగా కనిపించింది. ద్రాక్ష, ఆలివ్, పండ్లతోటల వంటి దీర్ఘకాలిక పంటలకు నెమ్మదిగా విడుదలయ్యే నత్రజని అనువైనది. పదార్థం అదే. మారినది ప్రకటన: కొనే రైతుకు తాను కొంటున్నది ఏమిటో, అది ఎప్పుడు అందుతుందో ముందే తెలుస్తున్నది.

6. పాలారు, జాజ్‌మౌ: ఎరువు కాకుండానే పొలం చేరిన వ్యర్థం

భారతదేశంలో కథ వేరుగా నడిచింది. 1948 ఏప్రిల్ 24న మద్రాసులో కేంద్ర చర్మపరిశోధన సంస్థకు శంకుస్థాపన జరిగింది. గుంటూరు జిల్లా యలవర్రులో జన్మించిన యలవర్తి నాయుడమ్మ 1958 నుంచి 1971 వరకు దానికి సంచాలకుడుగా ఉండి, చర్మపరిశోధనను ప్రయోగశాల నుంచి కార్ఖానాకు చేర్చాడు. 1972లో ఏర్పడిన సీతారామయ్య కమిటీ సిఫారసులతో అర్ధశుద్ధి తోళ్ళ ఎగుమతిని తగ్గించి, పూర్తిగా తయారైన తోలును, తోలు వస్తువులను ఎగుమతి చేసే విధానం వచ్చింది. ఉపాధి, విదేశీ మారకం పెరిగాయి. దానితోపాటు పదును తరువాతి దశల రసాయనాలూ, వ్యర్థాలూ దేశంలోనే మిగిలాయి.

ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో పాలారు నది వెంట వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటలలో ఈ మార్పు భారం నేల మీద పడింది. వెల్లూరు పౌరసంక్షేమ వేదిక దాఖలు చేసిన వ్యాజ్యంలో 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తోళ్ళ కార్ఖానాల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పాక్షికంగానో పూర్తిగానో సేద్యానికి పనికిరాకుండా పోయిందన్న సర్వేను ఉదహరించింది. ముందుజాగ్రత్త సూత్రం, కాలుష్యకారకుడే మూల్యం చెల్లించాలన్న సూత్రం ఈ తీర్పుతో భారతీయ న్యాయంలో స్థిరపడ్డాయి. ఆ భూములు చెడడంలో క్రోమియంతోపాటు, తోళ్ళు నిల్వచేయడానికి వాడే ఉప్పు పాత్ర కూడా పెద్దది. ఉప్పును ఏ జలవిశ్లేషణా ఎరువుగా మార్చలేదు.

కాన్పూరు జాజ్‌మౌలో వ్యర్థం పొలం చేరిన తీరు ఇంకా సూటియైనది. గంగా కార్యాచరణ ప్రణాళిక కింద డచ్చి సహకారంతో నిర్మించిన, రోజుకు 3.6 కోట్ల లీటర్ల సామర్థ్యం గల శుద్ధికేంద్రం 1994లో పనిచేయసాగింది. ఒక వంతు టానరీ నీటికి మూడు వంతుల నగర మురుగునీరు కలిపి శుద్ధిచేసి, ఆ నీటిని కాలువ ద్వారా పరిసర గ్రామాల పొలాలకు వదిలారు. మురుగునీటిలో పోషకాలుంటాయన్నది రైతుల పాత అనుభవం. ఆ అనుభవం క్రోమియంకు వర్తించలేదు. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2010లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం జాజ్‌మౌ, ఉన్నావ్ పారిశ్రామిక ప్రాంతాల నేలల్లో క్రోమియం సగటున కిలోకు 2,600 మిల్లీగ్రాములు దాటింది. సాధారణ నేలల్లో అది పదుల మిల్లీగ్రాముల్లో ఉంటుంది.

అర్జిగ్నానోలో వ్యర్థం కార్ఖానాకు వెళ్ళి, పేరూ విశ్లేషణా గల ఎరువై పొలానికి వచ్చింది. జాజ్‌మౌలో ఆ మధ్య దశ లేదు. కొలత, ప్రకటన, కొనుగోలుదారు అంగీకారం ఏవీ లేకుండా వ్యర్థం కాలువ నీటితో పొలం చేరింది. భారతీయ అనుభవంలో అసలు లోపం ఇక్కడ ఉంది.

7. ఏ క్రోమియం? ఎంత?

క్రోమ్ పదునులో వాడేది త్రిసంయోజక క్రోమియం. అది నీటిలో అంతగా కరగదు, నేలకు అంటిపెట్టుకుంటుంది, విషప్రభావం తక్కువ. షట్‌సంయోజక క్రోమియం నీటిలో కరిగి కదులుతుంది, క్యాన్సర్ కారకం. తోలు ఎరువును సమర్థించేవారు మొదటి రూపాన్ని చూపుతారు. వ్యతిరేకించేవారు అది రెండో రూపంగా మారే అవకాశాన్ని చూపుతారు.

ఈ చర్చను మలుపు తిప్పినది 1979లో అమెరికాలోని వెర్మాంట్‌కు చెందిన బార్ట్‌లెట్, జేమ్స్ ప్రచురించిన పరిశోధన. నేలలోని మాంగనీసు ఆక్సైడ్లు త్రిసంయోజక క్రోమియంను షట్‌సంయోజక రూపంలోకి మార్చగలవని వారు చూపారు. పొలం నుంచి అప్పుడే తెచ్చిన తడిమట్టిలో ఈ మార్పు స్పష్టంగా కనిపించింది. ఎండబెట్టి నిల్వచేసిన మట్టిలో అంతగా కనిపించలేదు. ప్రయోగశాలలు మట్టిని ఆరబెట్టి పరీక్షించడం ఆనవాయితీ గనుక ఈ సంగతి అంతవరకు మరుగున పడింది. సేంద్రియ పదార్థం ఎక్కువగా ఉన్న నేలల్లో షట్‌సంయోజక క్రోమియం తిరిగి త్రిసంయోజక రూపానికి మారుతుందన్నదీ నిజమే. కాబట్టి ప్రమాదం నేలను బట్టి, ఆమ్లత్వాన్ని బట్టి, వేసిన మోతాదును బట్టి మారుతుంది. ఒకే సమాధానం అన్ని నేలలకూ సరిపోదు.

చట్టాలు ఈ సమస్యకు రెండు వేర్వేరు కొలమానాలు ఎంచుకున్నాయి. 2022 జూలై 16 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చిన యూరోపియన్ యూనియన్ 2019/1009 నిబంధన సేంద్రియ ఎరువులో షట్‌సంయోజక క్రోమియంకు కిలోకు 2 మిల్లీగ్రాముల పరిమితి విధించింది. భారతదేశపు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కంపోస్టు ఎరువుల్లో మొత్తం క్రోమియం కిలోకు 50 మిల్లీగ్రాములు మించరాదంటుంది. క్రోమ్ తోలుపొట్టులో క్రోమిక్ ఆక్సైడు 3 శాతం ఉంటే, క్రోమియం లెక్కన అది కిలోకు సుమారు 20,000 మిల్లీగ్రాములు. భారతీయ పరిమితికి ఇది 400 రెట్లు. క్రోమియంను వేరుచేయకుండా ఆ పొట్టు మన దేశంలో కంపోస్టు పేరుతో పొలం చేరడానికి చట్టబద్ధమైన దారి లేదు.

వేరుచేసే దారి మాత్రం ఉంది. 1990ల దశకంలో ఫిలడెల్ఫియా సమీపంలోని అమెరికా వ్యవసాయశాఖ తూర్పు ప్రాంతీయ పరిశోధన కేంద్రం మెగ్నీషియం ఆక్సైడు వంటి క్షారంతో, క్షార ప్రోటియేజు ఎంజైముతో తోలుపొట్టును విడగొట్టింది. ఒక పక్క జిలటిన్, మాంసకృత్తుల ద్రావణం, మరో పక్క క్రోమియం ముద్ద లభించాయి. నత్రజని గల ద్రావణం ఎరువుకు, ముద్దలోని క్రోమియం తిరిగి పదునుకు పనికివస్తాయి. భారతదేశంలో 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి వచ్చిన జీవప్రేరకాల వర్గాల్లో మాంసకృత్తుల జలవిశ్లేషితాలూ ఉన్నాయి. వాటి తయారీలో ముడిసరుకు ఏదన్న ప్రశ్న ఇక ముందు మరింత ముఖ్యమవుతుంది.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు నిర్ధారణలు తేలుతున్నాయి. ఒకటి, తోలు వ్యర్థం ఎరువు కావడం కొత్త ఆలోచన కాదు. దాని వెనుక ఒకటిన్నర శతాబ్దాల ప్రయోగం, మోసం, దిద్దుబాటు ఉన్నాయి. రెండు, ప్రతి దశలోనూ ప్రధాన తగాదా కొలమానం మీదనే నడిచింది. చెక్క పదును కాలంలో మొత్తం నత్రజని చూసి అందే నత్రజనిని విస్మరించారు. ఆ పొరపాటు ఖరీదు ఒక పంటకాలపు నష్టం. క్రోమ్ కాలంలో నత్రజని మాత్రమే చూసి క్రోమియంను విస్మరిస్తే నష్టం తరాల వరకు నేలలో నిలుస్తుంది. మూడు, పదునుకు ముందు వచ్చే వ్యర్థాన్నీ, పదును తరువాత వచ్చే వ్యర్థాన్నీ కలపకుండా ఉంచడం ఈ విద్యకంతటికీ మూలం. లందలో సహజంగా నిలిచిన ఈ వేర్పాటు, అన్ని కాలువలూ ఒకే శుద్ధికేంద్రానికి చేరిన చోట చెరిగిపోయింది.

పాలారు, గంగ ఒడ్డున ఉన్న సాగుభూములకు ఈ చరిత్ర గడిచిపోయిన విషయం కాదు. రేపు తోలు నుంచి తీసిన పోషకం ఏ పేరుతో మార్కెట్టుకు వచ్చినా, దాని బస్తా మీద నత్రజని శాతంతోపాటు రెండు వివరాలు ఉండాలి: అందులో పంటకు అందేది ఎంత, పంట తీసిన తరువాత నేలలో మిగిలేది ఏమిటి. మొదటి ప్రశ్నను 19వ శతాబ్దపు రైతు అడిగి చట్టం సాధించుకున్నాడు. రెండో ప్రశ్నకు సమాధానం చెప్పవలసిన బాధ్యత నేటి పరిశ్రమది, శాస్త్రానిది, ప్రభుత్వానిది.